ఇప్పుడు లేని కోట

మిట్టమధ్యాహ్నపు ఎండలో నిస్తలదుర్గం ఎండిన ఎముకల గుట్టలా తెల్లగా మెరిసిపోతోంది. దానికి ఏడు ప్రాకారాలు. ప్రతి ప్రాకారం మీదా నల్లరాతి బురుజులు, ప్రతి బురుజు మీదా ఒక రాబందు. రెక్కలు విప్పితే ఒక్కొక్కటి పల్లకీ అంత ఉంటుంది. కోట చుట్టూ తవ్విన అగడ్తలో నీళ్ళకు బదులు పాదరసం కదలాడుతోంది. అందులో సూర్యుడు వెయ్యి ముక్కలై, ఒక ముక్కా నిలకడగా ఉండక, చూసేవాళ్ళ కళ్ళలో సూదుల్లా గుచ్చుకుంటున్నాడు.

ఆ అగడ్త ఒడ్డున, నెత్తి మీద సమిధల మోపులతో ఇద్దరు కట్టెలవాళ్ళు వచ్చి నిలబడ్డారు.

నిజానికి వాళ్ళు కట్టెలవాళ్ళు కారు. అసలు కట్టెలవాళ్ళు దారిలో ఒక గుహలో, నోట్లో గుడ్డలతో, ఒకరి వీపుకొకరు ఆనించి కట్టేసి ఉన్నారు. ముందు నిలబడ్డ ఆజానుబాహువు గంధమాల రాజ్య సేనాపతి పెద్దకొడుకు నీలకేతు. అతని వెనక రొప్పుతూ నిలబడ్డ ముసలివాడు పట్టపుటేనుగుల మావటి బొల్లప్ప. సరిహద్దు శిబిరం నుంచి బయలుదేరిననాడు వాళ్ళు పదహారుమంది, ఒక ఏనుగు. కీలాల కొండల్లో ఐదుగురిని పాములు తిన్నాయి. ఊబిలో ఆరుగురు పోయారు. ముగ్గురు ఒక తెల్లవారుజామున చెప్పకుండా వెనక్కి వెళ్ళిపోయారు. మూడు రోజుల కిందట పగుళ్ళలోయ దాటుతుంటే తాళ్ళవంతెన తెగింది. ఇద్దరూ ఇవతలి గట్టుకు చేరేదాకా ఏనుగు ఆ తాళ్ళను తొండంతో బిగించి పట్టుకుని నిలబడింది. తర్వాత గట్టే విరిగి, దానితోపాటు లోయలోకి జారిపోయింది. అప్పటినుంచి బొల్లప్ప అంకుశాన్ని నడుము నుంచి తీయలేదు.

ఇంత దూరం వాళ్ళు వచ్చింది ఒకే ఒక్కడి కోసం. వాడి పేరు క్షణభక్షుడు.

ఈ క్షణభక్షుడు ఘోరమైన తపస్సు చేసి కాలకంఠీ దేవిని మెప్పించాడు. "తల్లీ! గడిచిన కాలంలో నాకు చావు రాకూడదు, రాబోయే కాలంలోనూ రాకూడదు" అని వరం అడిగాడు. దేవి నవ్వి సరేనంది. ఇక వాడికి చావు రావడానికి మిగిలింది ఇప్పుడు అనే క్షణం ఒక్కటే. ఆ క్షణాన్నే లోకంలో లేకుండా చెయ్యాలని వాడు ఒక హోమం మొదలుపెట్టాడు. మొదటి ఆహుతి గంధమాల రాజధాని మాణిక్యవాటి. నెల కిందట ఒక ఉదయం ఆ మహానగరం ఉన్నపళంగా ఆగిపోయింది. బిందె నుంచి పోసిన నీళ్ళు గంగాళంలో పడలేదు. గుమ్మం దాటబోయిన మహారాజు పాదం నేలకు ఆనలేదు. ఉయ్యాలలో బిడ్డ ఏడవడానికి నోరు తెరిచింది, ఏడుపు బయటికి రాలేదు. ఆనాడు సరిహద్దు శిబిరంలో ఉన్నవాళ్ళే మిగిలారు. వాళ్ళలో నీలకేతు తమ్ముడు చారుకేతు మొదట ఒంటరిగా ఈ కోటకు వచ్చాడు. తిరిగి రాలేదు. ఈ రోజు పొద్దు గుంకేసరికి పూర్ణాహుతి జరిగిపోతే, మాణిక్యవాటికి పట్టిన గతే భూమండలానికంతటికీ పడుతుంది.

ఇనుపవంతెన కిర్రుమంటూ దిగింది. ఒంటికన్ను కావలివాడు అడ్డం వచ్చాడు.

"ఏంరా, నిన్నటివాళ్ళు కారే మీరు?"

"ఆళ్ళకి జొరం సామీ" అన్నాడు బొల్లప్ప, నడుం ఇంకాస్త వంచి. "మాది కిందిగూడెమే. ఈడికి మాట రాదు, ఏదైనా నన్నడగండి."

కావలివాడు నమ్మలేదు. బల్లెం ఎత్తి బొల్లప్ప నెత్తి మీది మోపులో కసుక్కున పొడిచాడు. బల్లెం మోపులోంచి దూసుకొచ్చి ముసలివాడి చెవిని చీరింది. బొల్లప్ప కదల్లేదు, మూలగలేదు. "కట్టెలే సామీ, ఎండిన మోదుగు" అన్నాడు. రెండో మోపు వైపు తిరిగాడు కావలివాడు. ఆ మోపు నడుమ నీలకేతు తండ్రి ఈటె దాగి ఉంది. అంతలో లోపలినుంచి గంట గణగణ మోగింది.

"పోండి, పోండి! అయ్య సమిధల కోసం చూస్తున్నాడు" అంటూ కావలివాడు ఇద్దరినీ లోపలికి తోశాడు.

ఏడు ప్రాకారాలూ ఒక్క ఊపులో దాటారు. ఏడో ఆవరణలో అడుగుపెట్టేసరికి గాలి ఆగిపోయింది. ఎదురుగా బంగారువన్నె లేడి ఒకటి నాలుగు కాళ్ళూ మడిచి నేలకు మూడు మూరల ఎత్తున నిలిచిపోయి ఉంది. దాని తొడకు జానెడు దూరంలో పెద్దపులి పంజా. లేడి కళ్ళలో నీళ్ళున్నాయి. ఎన్నాళ్ళుగా అక్కడ అలా ఉందో, దాని మెడ మీద దుమ్ము పేరుకుంది. బొల్లప్ప ఆగి, దాని మెడ నిమరబోయాడు. అతని చెయ్యి పొగలోకి పోయినట్టు పోయింది.

"ఇక్కడ ఏదీ తగలదు దొరా" అన్నాడు మెల్లగా.

"తగిలిస్తాను, పద" అన్నాడు నీలకేతు.

హోమశాల వంద స్తంభాల మండపం. స్తంభాలకు నెమలికంఠపు రంగు మెరుగులు. కప్పు నుంచి వేలాడే ముత్యాల సరాలు గాలి లేక బిర్రబిగిసినట్టు నిటారుగా ఉన్నాయి. నట్టనడుమ మనిషి లోతు గుండం. అందులో అంచుదాకా నిప్పులూ మంటా ఉన్నాయి గాని చిటపటలు లేవు, పొగ లేదు, దగ్గరికి పోయినా వేడి లేదు. గుండం అవతల, నెమళ్ళు కుట్టిన పట్టుతెర ముందు, పులితోలు మీద ఒక పొట్టి బొద్దుమనిషి కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు.

"రా నాయనా నీలకేతూ, రా" అన్నాడు తలెత్తకుండానే. "మోపు దించు. చూసుకుని దించు, లోపల ఈటె ఉంది, గుచ్చుకుంటుంది."

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"కూర్చోండి. నన్ను చంపడానికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే ప్రశ్న వేస్తాను. జవాబు చెబితే తల నేనే వంచుతాను." క్షణభక్షుడు తమలపాకు ఎత్తి పట్టాడు. "ఈ ఆకు ఈ రోజనుకో. తొడిమ దగ్గర పొద్దుపొడుపు, కొన దగ్గర పొద్దుగుంకు. ఇదిగో, ఇంతవరకు గడిచిపోయింది." చిన్న చాకుతో ఆకును కోసి ఒక ముక్క పక్కన పెట్టాడు. "ఇటువైపు ఇంకా రానేలేదు." ఇంకో ముక్క కోసి ఇంకో పక్కన పెట్టాడు. మధ్యలో పీలిక మిగిలింది. "ఇది ఇప్పుడు అంటావు. సరే. ఈ పీలికలో ఇటు సగం గడవలేదూ? అటు సగం రావాల్సి లేదూ?" పీలికను మళ్ళీ కోశాడు, మళ్ళీ కోశాడు. చివరికి వేలికొనకు పచ్చటి తడి తప్ప ఏమీ మిగలలేదు. దాన్ని కూడా పంచెకు తుడిచేసుకున్నాడు. "ఏదీ నీ ఇప్పుడు? చూపించు."

"నేను మాట్లాడుతున్నదే ఇప్పుడు" అన్నాడు నీలకేతు.

"అన్నావు. అది అయిపోయింది. ఇంకోటి అను, అదీ అయిపోతుంది." క్షణభక్షుడి గొంతులో వెటకారం లేదు, పాఠం చెప్పి చెప్పి అలిసిన పంతులు గొంతు అది. "మీ మాణిక్యవాటి కోటలోనే నలభై ఏళ్ళు కాలం కొలిచే గడియకుడుక ముందు కూర్చున్నాన్రా నేను. నీళ్ళలో రాగికుడుక మునిగినప్పుడల్లా గంట కొట్టే ఉద్యోగం. మునగబోతుంటే చూశాను, మునిగాక చూశాను. మునగడం మాత్రం ఒక్కసారీ చూడలేదు. లేనిదాన్ని హోమంలో వేస్తే ఎవడికేం నష్టం?"

నీలకేతుకు ఉయ్యాలలో నోరు తెరిచిన బిడ్డ గుర్తుకొచ్చింది. ఇంక వాదన అనవసరమనుకున్నాడు. మోపు నేలకేసి కొట్టాడు. కట్టెలు చెల్లాచెదరయ్యాయి. రెప్పపాటులో ఈటె అతని చేతిలో ఉంది, మరు రెప్పపాటులో చేతిలో లేదు. గంధమాల రాజ్యంలో ఆ ఈటెకు గురి తప్పడం ఎవరూ చూడలేదు. ఈ రోజూ తప్పలేదు. సూటిగా పోయి క్షణభక్షుడి రొమ్ములో దూరి, వీపులోంచి వెళ్ళిపోయింది. వాడికి రక్తం రాలేదు, చొక్కా చిరగలేదు, నోట్లో ఆకు నమలడం ఆగలేదు.

"తగలబోయింది. తర్వాత తగిలిపోయింది. తగల్లేదు" అన్నాడు వాడు. "కాని నాయనా, నా వెనకేముందో చూసుకోవద్దూ?"

చిరిగిన పట్టుతెర జారి కింద పడింది.

తెర వెనక స్తంభానికి ఇనుపగొలుసులతో చారుకేతు కట్టేసి ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. తెర చీల్చుకొచ్చిన ఈటెను చూసిన కళ్ళు పెద్దవై అలాగే నిలిచిపోయాయి. అన్నా అని పిలవబోయిన పెదవులు తెరుచుకుని ఆగిపోయాయి. అతని రొమ్ముకు బొటనవేలి మందం దూరంలో, గాలిలో, నీలకేతు విసిరిన ఈటె నిలిచి ఉంది.

నీలకేతు కేక మండపమంతా మారుమోగింది. ఒక్క గెంతులో తమ్ముడి దగ్గరికి చేరి ఈటెను పట్టుకున్నాడు. గుప్పిట్లో గాలి. గొలుసులు పట్టుకున్నాడు. గాలి. తమ్ముడి భుజాలు పట్టుకున్నాడు. వాటి స్పర్శ కూడా తెలియలేదు. బొల్లప్ప తన ఒంటిని ఈటెకూ చిన్నదొర రొమ్ముకూ మధ్య దూర్చబోయాడు. ముసలివాడి వీపులోంచి ఈటె మొన బయటికి కనబడుతూనే ఉంది.

"భయపడకు, చంపను. అది తగలనంతకాలం మీవాడు బతికే ఉంటాడు. వెయ్యేళ్ళయినా ఈ వయసే, ఈ రూపమే. ఏ తమ్ముడికి దక్కింది ఇంత ఆయుష్షు? ఇంటికి పో" అన్నాడు క్షణభక్షుడు.

నీలకేతు మొలలో దాచిన కత్తి దూసి వాడి మీదికి దూకాడు. కత్తి వాడి మెడలోంచి నీడలోంచి పోయినట్టు పోయింది. ఆ వేగానికి ఆనుకోవడానికి ఏమీ దొరక్క నీలకేతు ముందుకు తూలి, గుండం అంచున బోర్లా పడ్డాడు. కుడి అరచెయ్యి మంటలో పడింది.

వేడి లేదనుకున్న మంట చర్మాన్ని పట్టుకుంది. నీలకేతు అరిచాడు. ఆ అరుపుతోపాటు మండపమంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంది. ముత్యాల సరాలు ఘల్లుమన్నాయి. బయట పులి గాండ్రించింది. చారుకేతు నోటినుంచి, అంతసేపూ ఆగి ఉన్న పిలుపు బయటపడింది. "అన్నా!" క్షణభక్షుడి నుదుటి మీద చెమట పుట్టింది. ఈటె కదిలింది.

నీలకేతు చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ అంతా ఆగిపోయింది.

ఈటె మొన ఇప్పుడు చారుకేతు చర్మాన్ని తాకుతోంది. మొన చుట్టూ ఆవగింజంత రక్తం.

బొల్లప్ప మంటనూ, నీలకేతు చేతినీ, క్షణభక్షుడి నుదుటినీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"దొరా" అన్నాడు చివరికి. "ఈ మంట తింటున్నది మన ఇప్పుడునే. బతికున్న ఒళ్ళు దొరికితే ఆ ఇప్పుడుని వదిలి ఒంటిని పట్టుకుంటోంది. నీ చెయ్యి కాలినంతసేపూ వీడికి చెమట పట్టింది, చూశావా? అంతసేపూ వీడూ మనలాంటోడే."

"నోరు మూయ్ ముసలోడా!" క్షణభక్షుడు పులితోలు మీదినుంచి లేచాడు. వాడు లేవడం అదే మొదటిసారి. "నీలకేతూ, విను. చెయ్యి పెట్టావా, నీ ఈటె నీ తమ్ముణ్ణి చీలుస్తుంది. నీ ఈటె! నీ చేత్తో విసిరింది! పెట్టకపోతే వాడు బతికుంటాడు. ఎంచుకో."

నీలకేతు తమ్ముడి ముఖం చూశాడు. అడుగుదామంటే ఆ చెవులకు మాట చేరదు. చారుకేతు కుడిచెంప మీద చిన్నప్పుడు గుర్రం తన్నిన మచ్చ, పెదవి మీద ఎండిన నెత్తురు. లేడి మెడ మీద పేరుకున్నట్టే అతని జుట్టు మీద కూడా కొన్నాళ్ళకు దుమ్ము పేరుకుంటుంది. ఎవరో ఒకరు వచ్చి చూసి పోతారు. పొద్దు పడమటి కిటికీలోకి దిగింది. పూర్ణాహుతికి వాడు సిద్ధం చేసుకున్న నేతి గరిటె గుండం పక్కనే ఉంది.

"బొల్లప్పా, నీ దగ్గర అంకుశం ఉందా?"

"ఉంది దొరా."

"తియ్యి."

ముసలివాడికి అర్థమైంది. "దొరా, నా చెయ్యి పెడతా. నువ్వు కొట్టు. నేను ముసలోణ్ణి, నా దెబ్బ..."

"ఈటె విసిరింది నేను" అన్నాడు నీలకేతు. కుడిచెయ్యి మోచేతి దాకా మంటలో పెట్టాడు.

లోకం కదిలింది.

ఈటె దిగిన చప్పుడు అతనికి వినబడింది. అటు చూడలేదు. చూస్తే చెయ్యి బయటికి వస్తుంది. "కొట్టు!" అని అరిచాడు. బొల్లప్ప ఏనుగు కుంభస్థలం మీద కొట్టే దెబ్బ కొట్టాడు. అంకుశం క్షణభక్షుడి భుజంలో ఎముకదాకా దిగింది. హోమం మొదలయ్యాక మొదటిసారి వాడి ఒంట్లోంచి రక్తం చిమ్మింది. వాడు దాన్ని చూసి, తన రక్తాన్ని తానే గుర్తుపట్టనివాడిలా ఒక క్షణం తెల్లబోయాడు. రెండో దెబ్బ పడేలోపు పెడబొబ్బ పెట్టి, పక్కనున్న కుండతో గుండంలోంచి నిప్పులు తోడుకుని, కిటికీలోంచి దూకాడు. కింద బురుజు మీది రాబందు వాణ్ణి వీపున పట్టుకుని పైకి లేచింది.

"పోతున్నాడు దొరా! పోతున్నాడు!" బొల్లప్ప కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

"వాణ్ణి వదిలెయ్. చారు దగ్గరికి పో."

గొలుసులు ఇప్పుడు చేతికి తగిలాయి. బొల్లప్ప అంకుశంతో చీలలు ఊడగొట్టి చారుకేతును మెల్లగా నేల మీద పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈటె తీయలేదు. తీసి ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలుసు. చారుకేతు కళ్ళు తిప్పి అన్న కోసం వెతికాడు. గుండం పక్కన మోకాళ్ళ మీద, చెయ్యి మంటలో పెట్టుకుని ఉన్న అన్న కనబడ్డాడు.

"అన్నా... చెయ్యి తియ్యి. కాలుతోంది."

"కాలనీరా."

"తియ్యన్నా..."

నీలకేతు తియ్యలేదు. తీస్తే ఆ ఊపిరి, ఆ నొప్పి, ఆ ఈటె కింద అక్కడే ఆగిపోతాయి. చావూ రాదు, బతుకూ రాదు. తమ్ముణ్ణి ఆ లేడిలా నిలబెట్టి పోలేడు. మాంసం కమురుకంపు మండపమంతా వ్యాపించింది. పళ్ళ మధ్య పెదవి తెగి నోరంతా ఉప్పగా అయింది.

"బొల్లప్పా, ఊపిరి ఉందా?"

"ఆడుతోంది దొరా."

చారుకేతు ఇంకేదో అన్నాడు. అమ్మ పేరులా వినబడింది. బయట లేడి పరిగెడుతున్న గిట్టల చప్పుడు, వెనకే పులి అడుగులు, ఆ రెండూ కలిసిపోయిన ఒక అరుపు.

"ఇప్పుడో?"

"ఉంది దొరా. కొంచెమే."

నీలకేతుకు మండపం కళ్ళముందు ఎర్రగా, తర్వాత నల్లగా తిరిగింది. స్తంభానికి తల ఆనించుకున్నాడు. చెయ్యి మంటలోనే ఉంది.

"బొల్లప్పా..."

ముసలివాడు చిన్నదొర ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు. తర్వాత ఆ అరచేత్తోనే కళ్ళు మూశాడు.

"లేదు దొరా. చిన్నదొర ఎల్లిపోయాడు. తీసెయ్ చెయ్యి."

నీలకేతు చెయ్యి తీశాడు. అది ఇక చెయ్యిలా లేదు. అతను చెయ్యి తియ్యగానే ముత్యాల సరాలు మళ్ళీ బిగుసుకున్నాయి. కిటికీ బయట గాలి ఆగింది. మాణిక్యవాటిలో బిందె నీళ్ళు ఇంకా పడలేదు. చారుకేతు మాత్రం ఆగలేదు, అతను వాటన్నిటినీ దాటిపోయాడు.

ఆవరణలో కావలివాళ్ళ కేకలు వినబడ్డాయి. ఒంటికన్నువాడి గొంతు అందరికంటే పైన ఉంది. మెట్ల మీద ఇనుపచెప్పుల చప్పుడు మొదలైంది.

బొల్లప్ప తలపాగా విప్పి నీలకేతు చేతికి చుట్టాడు.

"వాడు ఎటు పోయాడు?" అన్నాడు నీలకేతు.

"ఉత్తరానికి. ఈ పొద్దుకి పూర్ణాహుతి తప్పింది గాని, నిప్పులు పట్టుకుపోయాడు దొరా. ఎక్కడో మళ్ళీ రాజేస్తాడు. నీకు చూస్తే కుడిచెయ్యి లేదు. ఇద్దరమే మిగిలాం. కింద వందమంది ఉన్నారు."

నీలకేతు ఎడంచేత్తో నేల మీది కత్తి తీసుకున్నాడు. దాని బరువు కొత్తగా, తలకిందులుగా ఉంది. రెండుసార్లు పట్టు మార్చాడు. రెండుసార్లూ జారింది. మూడోసారి పిడికిలి బిగించాడు.

"తమ్ముణ్ణి నువ్వు మొయ్యగలవా?"

"మోస్తాను."

తలుపు మీద మొదటి దెబ్బ పడింది.